ముందు నిజం చెప్పు, తర్వాత ప్లగ్గు పెడ్త

పోయిన మంగళవారం నేను చనిపోయిన మనిషికి ఫోన్ చేశాను.

కావాలని చేయలేదు. షాపులో కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. కంప్యూటర్ ఒక్క క్షణం నీలం తెర చూపించి ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే తెర వచ్చింది గానీ మౌస్ కదల్లేదు, కీబోర్డు మీద ఒక్క లైటు వెలగలేదు, ప్రింటర్ ఉలకలేదు పలకలేదు. పదేళ్లుగా ఇలాంటప్పుడు నా వేలు ఏ నంబరు మీదికి పోతుందో దాని మీదికే పోయింది. రెండు రింగులయ్యాక ఆయన బిడ్డ ఎత్తింది.

"బాపు లేడు గద కాకా," అంది.

ఛీ, నా బతుకు! ఆయన పోయి ఎనిమిది నెలలు. పాడె మోసినవాణ్ని నేను, దినాలకు పోయి అన్నం తిన్నవాణ్ని నేను. ఫోన్ పెట్టెయ్యబోతుంటే ఆ పిల్లే అడిగింది.

"ఏమైంది, అన్నీ బందైనయా? అయితే ఆగేముందు ఏం జేసినవో ముందు నిజం చెప్పు కాకా."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఎదురుగా జిరాక్సు కోసం నిలబడ్డ మనిషి నా మొహం చూసి, కాయితాలు తీసుకుని పక్క షాపుకు పోయాడు.

ఆయన పేరు రాయను. రాస్తే పైనుంచి కూడా తిడతాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు నుంచి సాగర్ రోడ్డు పొడుగునా ఉన్న ఆన్‌లైన్ సెంటర్ల వాళ్లం అందరం ఆయన్ని అన్నా అనేవాళ్లం. మొదట్లో బోరు మోటార్లకు వైండింగు చుట్టేవాడు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, వాటిని కూడా విప్పాడు. చదువు ఏడో తరగతి. తెర మీది ఇంగ్లీషు మాటల్ని చదివేవాడు కాదు, మనుషుల మొహాల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాడు.

ఆయన రెగ్జిన్ సంచిలో ఎప్పుడూ నాలుగే వస్తువులు ఉండేవి. పళ్లు తోముకునే పాత బ్రష్షు, చిన్న సీసాలో స్పిరిటు, కంప్యూటర్ వీపు చూడటానికి వాళ్లావిడ కుంకుమ డబ్బీ అద్దం, తువ్వాలలో చుట్టిన ఒక పాత కీబోర్డు. ఆ కీబోర్డుకు ఇప్పటి పలక ప్లగ్గు ఉండదు, వెనకటి గుండ్రటి పిన్ను ఉంటుంది. యూఎస్‌బీ వస్తువులన్నీ చచ్చినా అది మాత్రం పనిచేస్తుంది. అందుకే దాన్ని పసిపిల్లను దించినట్టు బల్ల మీద దించేవాడు. కొత్త కంప్యూటర్లలో ఆ గుండ్రటి రంధ్రం లేకపోతే, "గిదేం కంప్యూటర్‌రా, బొడ్డు లేని పిల్ల," అని ముఖం తిప్పుకునేవాడు.

యూఎస్‌బీ అనే మాట ఆయన నోట వినలేదు. ఆయన లెక్కలో కంప్యూటర్ ఒక ఇల్లు. కీబోర్డు పెద్దకోడలు, మౌస్ చిన్నకోడలు. ప్రింటర్ అల్లుడు. ఎందుకంటే ఎప్పుడూ అలుగుతాడు, ఎంత పెట్టినా చాలదంటాడు, పండగనాడే పని చెయ్యడు. బొటనవేలు పెట్టే మిషను ఆడబిడ్డ. అది ఇంట్లో అడుగుపెడితే కోడళ్లిద్దరి నోళ్లు మూతపడతాయట. మా ఆవిడ ఒకసారి ఊరుకోలేక, "నేను గూడ ఒకింటి ఆడబిడ్డనే అన్నా," అంది. "అందుకే జెప్తున్న చెల్లె, నీకైతె జల్ది అర్థమైతది," అన్నాడు. ఆ రోజు ఆయనకు చాయ్ చల్లగా వచ్చింది.

ముందున్న ప్లగ్గు రంధ్రాల్లో కీబోర్డు పెడితే కోపం. "ముంగటి తలుపు చుట్టాలకు. పెన్‌డ్రైవ్ వస్తది, రెండు మాటలు మాట్లాడి పోతది. ఇంటోళ్లు ఎనకకెల్లి రావాలె," అనేవాడు. ఇది తిక్క మాట అనుకున్నాను చాలా రోజులు. వెనక రంధ్రాలు నేరుగా లోపలి బోర్డుకే అతికి ఉంటాయని, అవే నమ్మకమైనవని తర్వాత ఒక ఇంజనీరు పిల్లవాడు చెబితే సిగ్గేసింది.

వైద్యం కూడా అంతే. మొదట అందర్నీ ఇంట్లోంచి వెళ్లగొట్టడం, అంటే ఒక్క ప్లగ్గు లేకుండా పీకెయ్యడం. తర్వాత మెయిన్ వైరు పీకి, ఆన్ చేసే మీట అలాగే నొక్కి పట్టుకోవడం. లోపల మిగిలిన కరెంటు దిగాలట. ఎంతసేపు అంటే అంకెలు లెక్కపెట్టడు, సిటీ బస్సు ఎక్కుతాడు. "ఇబ్రహీంపట్నం... షేరిగూడ... మంగళ్‌పల్లి... బొంగులూరు..." అని ఒక్కో స్టేజీ దగ్గర ఆగి, ఎక్కేవాళ్లను ఎక్కించి, దిగేవాళ్లను దించి, తుర్కయంజాల్ దాటాక గానీ వేలు తీయడు. తొందరపెడితే బస్సు మళ్లీ ఇబ్రహీంపట్నం వచ్చేస్తుంది.

అయితే ఇవన్నీ మొదలయ్యేది రెండో అంకంలో. మొదటి అంకం విచారణ. వచ్చీ రాగానే స్టూలు మీద కూచుని, చాయ్ తెప్పించుకుని, కళ్లు మూసుకుని అడిగేవాడు. "ఆగేముందు ఏం జేసినవ్? ముందు నిజం చెప్పు, తర్వాత ప్లగ్గు పెడ్త. కంప్యూటర్ అబద్ధమాడదు తమ్మీ. మనిషే ఆడ్తడు."

ఎరువుల దుకాణం సేటు ఒకసారి, ఏం చెయ్యలేదు అన్నా, దానంతటదే ఆగింది అన్నాడు. ఈయన యూరియా బస్తా మీద కూచుని రెండు చాయ్‌లు తాగాడు, కళ్లు తెరవలేదు. బయట రైతులు నిలబడ్డారు. చివరికి సేటు గొంతు సవరించుకున్నాడు.

"కంప్యూటర్‌కే చిన్న ఫ్యాన్ పెట్టిన అన్నా, గాలికి."

"ఇంక?"

"ఫోన్ చార్జింగు."

"ఇంక?"

"దోమల మిషను."

అప్పుడు కళ్లు తెరిచాడు. "ఒక్క బోరుకు మూడిండ్లు పైపులేస్తే నీళ్లెట్లొస్తయ్ సేటూ?" అని లేచి పనిలో దిగాడు. పని రెండు నిమిషాలు, విచారణ ముప్పావుగంట. మాకు ఒళ్లు మండేది. కానీ ఆయన లేకపోతే గతి లేదు.

ఇక నేను మరిచిపోలేని ఒక రోజు సంగతి. రెండేళ్ల కిందట, దసరా అయిన మూడో నాడు. పండగకు మూసిన షాపు ఆ పొద్దున్నే తెరిచాను. మధ్యాహ్నం మంచాల అనే ఊరి నుంచి ఒక తల్లీ బిడ్డా వచ్చారు. తల్లి కూలికి పోతుంది. బిడ్డకు నర్సింగు సీటు వచ్చింది. సాయంత్రం ఐదింటిలోగా బొటనవేలు పెట్టి ఫారం పంపితే సీటు ఆమెది, లేకపోతే వరసలో తర్వాతి వాళ్లది. పండగకు ముందు పత్తి ఏరే పని వదిలి రాలేకపోయారు. పండగకు వస్తే నా షాపుతో సహా అన్నీ మూసి ఉన్నాయి. ఇదే ఆఖరి రోజు.

ఫారం నింపాను. బొటనవేలి మిషను తీసి ప్లగ్గు పెట్టాను. టప్పున నీలం తెర! మళ్లీ ఆన్ చేస్తే ఏదీ పలకదు. గడియారంలో రెండున్నర. చౌరస్తాలో ఇంకో సెంటర్ ఉంది, అక్కడికి పొండి అందామంటే, అక్కడ రోడ్డు దాకా వరస ఉందని వాళ్లే చెప్పారు. ఆయనకు ఫోన్ కొట్టాను.

మూడింటికి వచ్చాడు. స్టూలు, చాయ్, మూసిన కళ్లు.

"అన్నా, ఈ పిల్లకు ఐదింటికి టైం అయిపోతది!" అని అరిచాను.

"అయితె జల్ది నిజం చెప్పు."

"నేనేం చెయ్యలేదు."

"గట్లనా," అని చాయ్ ఊదుకున్నాడు.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చీర కొంగు మెలిపెడుతోంది. ఇక ఆగలేక బయటపెట్టింది. "అన్నా, ఆయుధపూజ నాడు నేనే అన్ని మిషన్లకు పసుపు కుంకుమ పెట్టిన. జర ఎక్కువనే పెట్టిన. ఆ రంధ్రాలల్ల గూడ పోయినట్టుంది."

"ప్లగ్గు రంధ్రంల బొట్టు పెడ్తరా చెల్లె! గది నుదురనుకున్నవా?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు చిర్రెత్తింది. "నేను ముందు రంధ్రంలో ఫోన్ చార్జింగు పెట్టిన, ఇగో ఒప్పుకుంటున్న, చాలా?" అన్నాను. కుర్చీలో జిరాక్సు కోసం కూచున్న రావిర్యాల ముసలాయన మా వాలకం చూసి భయపడ్డాడు. తన వంతు వచ్చిందనుకున్నాడేమో, "నేను పొద్దుగాల బస్సుల టికెట్ తీసుకోలే బిడ్డా," అన్నాడు. ఆ పిల్ల ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

అప్పుడు తల్లి ముందుకు వచ్చింది. చేతులు రెండూ దగ్గరికి పెట్టుకుని చెప్పింది.

"నా చెయ్యే తగిలినట్టుంది సారూ. బల్ల మీద సంచి పెట్టిన గద, గప్పుడే ఆగింది. మా తప్పే. ఎట్లన్న జేసి బిడ్డది జర చూడు సారూ."

ఆమె సంచి బల్లకు ఇవతలి చివర ఉంది, కంప్యూటర్‌కు బారెడు దూరంలో. దాని వల్ల ఏమీ కాదని ఆ ముసలాయనకు కూడా తెలుసు. అన్న కళ్లు తెరిచి ఆమెను చూశాడు. చాయ్ సగంలోనే పక్కన పెట్టి లేచాడు. అలా లేవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అందర్నీ పీకాడు. బస్సు ఎక్కాడు, కానీ ఆ రోజు ఎక్స్‌ప్రెస్. బొంగులూరులో కూడా ఆపకుండా తుర్కయంజాల్ దాటించాడు. బ్రష్షుతో పసుపు దులిపాడు. గుండ్రటి పిన్ను కీబోర్డు పెట్టి, మౌస్ లేకుండా బాణం గుర్తులతోనే తెరలోపలికి పోయి, యూఎస్‌బీ పేర్లన్నీ జాబితాలోంచి కొట్టేశాడు. మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు అదే కొత్తగా రాసుకుంటుందట. తర్వాత వెనక తలుపు నుంచి పెద్దకోడల్ని పెట్టాడు. లైటు వెలిగింది. చిన్నకోడలు కదిలింది. అల్లుడు రెండుసార్లు మూలిగి లేచాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

బొటనవేలి మిషను పెట్టాడు. అందరూ చచ్చారు.

తీశాడు, మళ్లీ బతికారు. పెట్టాడు, చచ్చారు. "చెప్పిన గద, ఆడబిడ్డ!" అన్నాడు గానీ ఆ గొంతులో పస లేదు. ఆ పిల్లకు కావలసింది ఆ మిషనే. టైము నాలుగు దాటింది.

మిషను అడుగు స్క్రూలు విప్పాడు. పైన మా ఆవిడ పెట్టిన బొట్టు ఎండిపోయి ఉంది. లోపల ఏదో తెల్లగా పొరలు కట్టి, జిగటగా మెరుస్తోంది. అద్దం పెట్టి చూశాడు. దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఆ మనిషి మొహంలో రంగు పోవడం నాకు కనిపించింది.

మా ఆవిడ దగ్గరికి వచ్చి అడిగింది. "పసుపేనా అన్నా? నా వల్లనేనా?"

అవును అంటే అయిపోయేది. అక్కడున్న వాళ్లలో ఎవరికీ మిషను లోపలి సంగతి తెలియదు. నాకూ తెలియదు. ఆయన అద్దం తుడిచి సంచిలో వేశాడు. తర్వాత మిషను బల్ల మీద పెట్టాడు.

"నీది కాదు చెల్లె. పసుపు పైననే ఉన్నది, ఎండిపోయింది, దానితోని ఏం కాలే. గిది కొబ్బరినీళ్లు. పూజనాడు కొబ్బరికాయ కొట్టింది ఎవరు?"

నాకూ మా ఆవిడకూ అప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు పూజకు ఆయన్నే పెద్దమనిషిగా పిలిచాం. నేను బయట మెట్టు మీద కొడతానంటే, మిషన్లకు డాక్టర్ను నేనుండగా నువ్వెవడివిరా అని నా చేతిలోంచి లాక్కుని, పళ్లెంలో వరసగా పెట్టిన మిషన్ల ఎదురుగానే పక్కనున్న ఇనప రాడ్డు మీద ఫెడీమని కొట్టాడు. సగం నీళ్లు ఆయన చొక్కా మీద పడ్డాయి. మిగతా సగం ఎక్కడ పడ్డాయో ఎవరు చూశారు!

"నేనే ఖరాబ్ చేసిన," అన్నాడు. ఆ తల్లి వైపు తిరిగి మళ్లీ అన్నాడు. "నీ చెయ్యి తగల్లే అక్కా. నీ తప్పు ఇసుమంత గూడ లేదు. నేనే చేసిన."

తల్లి గడియారం చూసింది.

"బండి తియ్యి తమ్మీ," అన్నాడు నాతో. "చౌరస్తాకు."

చౌరస్తాకా! చౌరస్తా సెంటర్ వాడికీ ఈయనకూ రెండేళ్లుగా మాటల్లేవు. వాడెప్పుడో నలుగురిలో ఈయన్ని బోరుబాయి డాక్టర్ అన్నాడు. అప్పట్నుంచి ఈయన ఆ షాపు ముందు నుంచి నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతల నడిచేవాడు. ఇవాళ నా బండి వెనక కూచుని ఆ షాపు ముందే దిగాడు. వరసలో ముప్పై మంది ఉన్నారు. వాళ్లను తోసుకుని లోపలికి పోయాడు.

"నీ తాన ఇంకో వేలి మిషను ఉన్నది గద, ఒక్క గంట ఇయ్యి," అన్నాడు.

వాడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ క్షణం కోసం రెండేళ్లుగా ఎదురుచూసినట్టు పళ్లన్నీ బయటపెట్టాడు. "ఇస్తగని అన్నా, ఆగేముందు ఏం జేసినవో ముందు నిజం చెప్పు."

వరసంతా కిసుక్కున నవ్వింది. సాగర్ రోడ్డులో ఆ మాట తెలియని వాళ్లు లేరు. నేనైతే ఆ కుర్చీని తన్నేవాణ్ని.

"కొబ్బరికాయ కొట్టిన," అన్నాడు ఆయన, అందరికీ వినబడేలా. "మిషను ముంగట కొట్టిన. నీళ్లు లోపలికి పోయినయ్. నా తెలివితక్కువ. ఒక ఆడపిల్ల సీటు పోయేటట్టున్నది. ఇయ్యి."

చౌరస్తా వాడి నవ్వు మెల్లగా తగ్గింది. సొరుగు తెరిచి మిషను తీసి, వైరు చుట్టి చేతిలో పెట్టాడు. "పో అన్నా, జల్ది పో. తర్వాత మాట్లాడుకుందం," అన్నాడు.

షాపుకు వచ్చేసరికి ఐదుకు పదిహేను నిమిషాలు తక్కువ. మిషను పెట్టాడు. అందరూ బతికే ఉన్నారు. పిల్ల వేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ పెట్టింది, మళ్లీ ఎర్రలైటు. వారం రోజులుగా పత్తి ఏరిన చేతులు. కాయల మొనలు గుచ్చుకుని వేలి మీద గీతలన్నీ చెరిగిపోయాయి. ఇక నావల్ల కాదు దేవుడా అనుకున్నాను.

తల్లి బిడ్డ చెయ్యి పట్టి లాక్కుంది. ఆ బొటనవేలిని తన తలలోకి పెట్టి, నూనె పెట్టిన జుట్టులో గట్టిగా నాలుగుసార్లు రుద్దింది. కొంగుతో పైపైన అద్ది మిషను మీద తనే ఒత్తిపట్టుకుంది. "ఇగ పడు," అంది పళ్ల మధ్య నుంచి, మిషనుతోనో దేవుడితోనో తెలియదు.

పచ్చలైటు!

రావిర్యాల ముసలాయన జిరాక్సు సంగతి మరిచిపోయి లేచి నిలబడి ఉన్నాడు. ఫారం అందిందన్న కాగితాన్ని ప్రింటర్ ఒక్క అలకా లేకుండా బయటికి తోసింది. అన్న దాన్ని తీసి రెండుసార్లు తిరగేసి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు. రోజూ అయితే ఆ సమయానికి మాకు ఒక ఉపన్యాసం ఉండేది. ఆ రోజు సంచి సర్దుకుని, అరువు మిషను జేబులో వేసుకుని, నడుచుకుంటూ చౌరస్తా వైపు పోయాడు. నేను బండి మీద దింపుతానన్నా వినలేదు.

పది రోజులకు ఆ తల్లి ఒక్కతే వచ్చింది. బిడ్డ హాస్టల్లో చేరిందట. నెత్తిన గంప, నిండా సీతాఫలాలు. అప్పుడు అన్న నా షాపులోనే నేల మీద కూచుని ప్రింటర్ విప్పుతున్నాడు. ఆమెను చూసి ప్రింటర్ వెనక్కి జరగబోయాడు గానీ అంత మనిషి ఎక్కడ దాక్కుంటాడు? గంప ఆయన ముందే దించింది. పండిన కాయ ఒకటి ఏరి, చేత్తో విప్పి, సగం ఆయన చేతిలో పెట్టింది.

"గివన్నీ నాకెందుకక్కా," అన్నాడు తల వంచుకుని. "నా వల్లనే గద నీ బిడ్డకు అంత కష్టమైంది. తిట్టవలసింది పోయి పండ్లు తెస్తివి."

ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూలబడింది.

"పదిహేనేండ్ల సంది ఆఫీసుల చుట్టు తిరుగుతున్న సారూ. పని ఆగితే మిషన్ తప్పంటరు, పైన సారు తప్పంటరు. ఆఖరికి నీదే తప్పంటరు. నేను గూడ నాదే అనుడు నేర్చుకున్న. 'నేనే చేసిన' అన్నోణ్ని నిన్నొక్కణ్నే చూసిన."

ఆయన సీతాఫలం నోట్లో పెట్టుకుని గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రగా అయ్యాయి.

"గదేం గొప్ప కాదక్కా. వాసన పట్టిచ్చింది. దొరికిపోయిన, గంతే."

"దొరికినోళ్లను గూడ చూసిన సారూ," అంది ఆమె, ఇంకో కాయ విప్పుతూ.